గోడ మీది దెయ్యం



కొన్నేళ్ల క్రితం సంగతి. మా బళ్లో ఆరో తరగతి చదువుతున్న ఒక ఆడపిల్ల ఉన్నట్టుండి రోజూ పది నిమిషాలు ఆలస్యంగా రావడం మొదలుపెట్టింది. ఇల్లు చూస్తే బడికి దగ్గరే. కారణం అడిగితే తల వంచుకుని నిలబడేది. నాలుగో రోజు పక్కన కూర్చునే పిల్ల చెప్పేసింది: "టీచర్, ఇది గోడకి భయపడి చుట్టు తిరిగి వస్తోంది."

ఏ గోడ? బస్సులు ఆగే చోట ఉన్న పొడుగాటి గోడ. దాని మీద ఒక దెయ్యం సినిమా పోస్టరు అంటించారు. ఆ సాయంత్రం నేనూ వెళ్లి చూశాను. నల్లటి కాగితం నిండా ఒక ఆడమనిషి ముఖం. విరబోసుకున్న జుట్టు, జుట్టు మధ్య నుంచి ఒకే ఒక్క కన్ను. అంతే. ఆ గోడ ముందు నలుగురు కుర్రాళ్లు నిలబడి, టిక్కెట్టుకి ఎవరి దగ్గర ఎంత ఉందో లెక్క చూసుకుంటున్నారు. వాళ్లలో ఒకడు ఆ పిల్ల సొంత అన్నయ్య!

చూశారా, ఒకే బొమ్మ చెల్లెల్ని తరిమింది, అన్నయ్యని పిలిచింది. సినిమాని ఇద్దరూ చూడలేదు. ఒక కాగితం ముక్క ఇంత పని ఎలా చేయగలిగింది? ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది దాని గురించే.

బరంపురంలో పుట్టి పెరిగిన మనకి గోడ మీది పోస్టరుతో ఒక ప్రత్యేకమైన అనుబంధం ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు రాజధానిలోని జిల్లా. ఆ తరువాత జిల్లా ఇటు వచ్చింది గాని, మన ఇళ్లల్లో తెలుగు అలాగే ఉంది. తెలుగు సినిమా కూడా గీత దాటి వస్తూనే ఉంది. నా చిన్నప్పుడు పోస్టర్లు అంటించే మనిషి సైకిలు మీద వచ్చేవాడు. హాండిలుకి జిగురు బకెట్టు, వెనక చుట్టలు చుట్టిన కాగితాలు. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపిన జిగురు అది. పెద్ద బొమ్మ ఒకే కాగితం కాదు. ఆరు ముక్కలో, ఇంకా పెద్దదైతే ఇరవైనాలుగు ముక్కలో ఒకదాని పక్కన ఒకటి సరిగ్గా కలిపి అంటించాలి. ముందు ఒక చెయ్యి వచ్చేది, తరువాత సగం ముఖం, ఆ తరువాత కన్ను. పిల్లలం చుట్టూ మూగి, బొమ్మ పూర్తయ్యేదాకా కదిలేవాళ్లం కాదు. చివర్న, అడుగున, హాలు పేరూ ఆటల వేళలూ ఒడియాలో అచ్చువేసిన చీటీ అంటించి అతను వెళ్లిపోయేవాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ పోస్టరు మీద సినిమా పేరు తెలుగులో ఉండేది. ఆ దారిన పోయేవాళ్లలో సగం మందికి తెలుగు అక్షరాలు రావు. కొందరికి ఏ అక్షరమూ రాదు. అయినా అది భయం సినిమా అని అందరికీ తెలిసిపోయేది. అంటే అక్కడ మాట్లాడింది అక్షరం కాదు, బొమ్మ. సైకిలు మీద పోయే మనిషికి ఆ గోడ కనిపించేది మూడు నాలుగు క్షణాలు. ఆ మూడు నాలుగు క్షణాల్లో అతన్ని ఆపాలి, ఒక ప్రశ్న వేయాలి, జవాబు చెప్పకుండా పంపించాలి. జవాబు కావాలంటే హాలుకి రావాలి. పోస్టరు గీసేవాళ్ల విద్య అంతా ఇందులోనే ఉంది.

ఆ విద్యలో ఆరితేరినవాళ్లు మన తెలుగువాళ్లలో ఉన్నారు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లిన ఈశ్వర్ గారు 1967లో బాపు గారి సాక్షి సినిమాతో మొదలుపెట్టి, రెండు వేలకు పైగా సినిమాలకి ప్రచార చిత్రాలు తయారుచేశారు. సినిమా పోస్టరు మీద పుస్తకం కూడా రాశారు. 2021లో కన్నుమూశారు. ఆ రోజుల్లో పద్ధతి ఏమిటంటే, నటుల ఫోటోలు కత్తిరించి అట్ట మీద అంటించి, వాటి మీద కుంచెతో రంగులు దిద్ది, పేరు చేత్తో రాసేవాళ్లు. మద్రాసులో డిజైను, చాలావాటికి శివకాశిలో అచ్చు. ఇప్పుడు ఆ పని కంప్యూటరు చేస్తోంది. బొమ్మ గోడకన్నా ముందు ఫోనులోకి వస్తోంది. పనిముట్లు మారాయి గాని, భయపెట్టే సూత్రాలు పెద్దగా మారలేదు.

మన తెలుగు సినిమాలో దెయ్యానికి కొరతేమీ లేదు. 1966లో ఆమె ఎవరు? వచ్చింది. పేరే ఒక ప్రశ్న. 1978లో విఠలాచార్య గారి జగన్మోహిని వచ్చింది. ఆయన దెయ్యాలు భయపెట్టినంతసేపు నవ్వించేవి కూడా. ఆ తరువాత యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి ఇంటింటా దడ పుట్టించింది. దాని కొనసాగింపు నవల ఆధారంగా 1986లో కాష్మోరా సినిమా తీశారు. రామ్‌గోపాల్ వర్మ 1992లో రాత్రి, 1996లో దెయ్యం తీశారు. 2005లో తమిళం నుంచి డబ్బింగై చంద్రముఖి, 2009లో అరుంధతి. ఈమధ్య, 2023లో విరూపాక్ష. ఇన్నేళ్లలో ఈ రకం సినిమాల పోస్టర్లు వాడుకున్న ఉపాయాలు ఏమిటో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది రంగు. భయం పోస్టరులో ఎక్కువ చోటు ఆక్రమించేది నలుపు. చీకటి అంటే మనకి కనిపించనిది ఉన్న చోటు. ఆ నలుపు మీద ఎరుపు పెడితే కన్ను ముందు అక్కడికే వెళుతుంది. ఈ ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? మన ఇంట్లోంచే వచ్చింది. నుదుట కాసంత ఉంటే అది ముత్తైదువ బొట్టు. అదే ఎరుపు నుదురంతా పాకి ముక్కు మీదికి కారితే మనకి గుండె ఝల్లుమంటుంది. వస్తువు అదే, కొలత మారింది. ఆకుపచ్చది ఇంకో దారి. 1968లో అమెరికాలో వచ్చిన రోజ్‌మెరీస్ బేబీ పోస్టరులో రక్తమూ లేదు, కోరలూ లేవు. ఆకుపచ్చ మసకలో పైకి చూస్తూ ఉన్న ఒక స్త్రీ ముఖం, దాని ముందు చిన్న నల్లని పిల్లల బండి. చెట్టు మీద పచ్చ చల్లగా ఉంటుంది, మనిషి ముఖం మీద పచ్చ రోగంలా ఉంటుంది. ఆ తేడానే వాళ్లు వాడుకున్నారు.

రెండోది వెలుగు వచ్చే దిక్కు. ఇది మీరు ఇంట్లోనే పరీక్ష చేసి చూడవచ్చు. కరెంటు పోయిన రాత్రి అద్దం ముందు నిలబడి, టార్చిలైటు గడ్డం కింద పెట్టుకుని చూడండి. మీ ముఖం మీకే కొత్తగా కనిపిస్తుంది. పుట్టినప్పటినుంచీ మనం మనుషుల ముఖాలు చూసింది పైనుంచి పడే వెలుగులో. సూర్యుడు పైన, దీపం పైన. అందువల్ల నీడ ముక్కు కింద, గడ్డం కింద ఉండడం మనకి అలవాటు. వెలుగు కిందినుంచి వస్తే నీడలన్నీ తలకిందులవుతాయి. మనిషి ఎవరో తెలుస్తూనే ఉంటుంది గాని, ఏదో తప్పుగా ఉందని మనసు చెబుతుంది. పోస్టరు గీసేవాళ్లు టార్చిలైటు బదులు కుంచెతో ఇదే పని చేస్తారు.

మూడోది కన్ను. చంద్రముఖి అనగానే చాలామందికి గుర్తొచ్చేది కాటుక నిండిన జ్యోతిక కళ్లే. బొమ్మలో కనుపాప తిన్నగా ముందుకి చూస్తున్నట్టు గీస్తే, మనం ఎడమకి నడిచినా కుడికి నడిచినా అది మనవైపే చూస్తున్నట్టు ఉంటుంది. ఇందులో మాయ లేదు. కాగితం చదునుగా ఉంటుంది కాబట్టి మనం పక్కకి జరిగినా బొమ్మలోని చూపు పక్కకి జరగదు. అంతే. కాని మా బడిపిల్లకి అది తెలియదు కదా! "టీచర్, నేను ఎటు పోతే అటు చూస్తోంది" అంది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు.

అయితే పెద్ద కన్ను ఉన్నంతమాత్రాన భయం పుడుతుందా? పుట్టదు. మనం ఉన్నది జగన్నాథుడి దేశంలో. ఆ స్వామి కళ్లు చక్రాల్లాంటివి, రెప్పలే లేవు. ఒడియావాళ్లు ఆయన్ని ప్రేమగా చకాడోలా అంటారు. ఆ కళ్లు చూసి ఏ పసివాడూ ఏడవడు. ఎందుకంటే ఆ చూపు కాపాడుతుందని అమ్మ చెప్పింది. అంటే భయం కంటిలో లేదు. కంటి చుట్టూ చెప్పిన కథలో ఉంది. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

నాలుగోది దాచడం. అన్ని ఉపాయాలకీ ఇది తల్లి. 1922లో జర్మనీలో వచ్చిన నోస్ఫెరాటు సినిమాలో రక్తపిశాచం మెట్లెక్కి వచ్చేటప్పుడు మనిషి కనిపించడు, గోడ మీద నీడే కనిపిస్తుంది. వందేళ్లు దాటినా ఆ నీడని మరిచిపోలేదు. 1973 నాటి ది ఎక్సార్సిస్ట్ పోస్టరులో దెయ్యమే లేదు. రాత్రి, ఒక ఇల్లు, కిటికీలోంచి పడుతున్న వెలుగులో పెట్టె పట్టుకుని నిలబడ్డ ఒక మనిషి నల్లని ఆకారం. ఆ ఇంట్లో ఏముందో చెప్పలేదు. చెప్పకపోవడమే పిలుపు.

ఈ దాచే విద్య మనకి జర్మనీ నుంచో అమెరికా నుంచో రాలేదు. మన గంజాం జిల్లా ప్రహ్లాద నాటకం చూడండి. మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన వేదిక మీద హిరణ్యకశిపుడు రాత్రంతా గర్జిస్తూ ఉంటాడు. జనం వాడిని చూస్తూనే ఉంటారు గాని, మనసంతా ఇంకా రాని నరసింహుడి మీద ఉంటుంది. ఆ ముఖానికి పూజ చేస్తారు. అది పెట్టుకున్న మనిషికి పూనకం వస్తే పక్కవాళ్లు పట్టుకుని ఆపాలి. అటు తంజావూరు జిల్లా మెలట్టూరులో తెలుగులో ఆడే ప్రహ్లాద చరిత్రలో కూడా నరసింహుడి ముఖానికి అదే గౌరవం, కథ చివర్నే దర్శనం. చూపించకుండా ఉంచినంతసేపే జనం కన్ను ఆర్పకుండా కూర్చుంటారని మన పెద్దలకి తెలుసు. పోస్టరులో జుట్టు వెనక సగం ముఖం, ఓరగా తెరిచిన తలుపు, తలుపు సందులో నాలుగు వేళ్లు, ఇవన్నీ ఆ పాత తెరచాటుకి మనవలు.

ఐదోది కొలత. చిన్న మనిషి, పెద్ద బంగళా. 1975 నాటి జాస్ పోస్టరులో పైన ఈదుతున్న అమ్మాయి వేలెడంత, కింద నోరు తెరిచిన సొరచేప ఆమెకి ఎన్నో రెట్లు. పైగా ఆ అమ్మాయికి కింద ఏముందో తెలియదు, మనకి తెలుసు. "అమ్మాయీ, వెనక్కి రా" అని అరవాలనిపిస్తుంది. గోపాలపురం సముద్రం పక్కన ఉన్నవాళ్లం, మనకి ఆ భయం వేరే చెప్పక్కర్లేదు.

ఆరోది, ఇంటి వస్తువు ఇంటిలో కాకుండా వేరే చోట కనిపించడం. నిమ్మకాయ వంటింట్లో ఉంటే పులిహోర, నాలుగు రోడ్ల కూడలిలో ఉంటే కాలు పక్కకి వేస్తాం. ముగ్గు గుమ్మం ముందు ఉంటే లక్ష్మి, శ్మశానంలో ఉంటే ఒళ్లు జలదరిస్తుంది. పిల్లలాడుకునే బొమ్మ, బావి, అద్దం, ఊయల, పాత గడియారం, పోస్టర్లలో కనిపించే సామానంతా మన అమ్మమ్మల ఇళ్లలోదే. తులసిదళం అన్న పేరునే చూడండి. మన పెరట్లో అంతకన్నా పవిత్రమైన ఆకు లేదు. ఆ పేరు భయానికి పెట్టడంతోనే సగం పని అయిపోయింది.

ఏడోది అక్షరం. రెండు లిపులూ పిల్లల చేత దిద్దించే దానిని కాబట్టి నాకు ఇది సరదాగా ఉంటుంది. హిందీ అక్షరాన్ని భయపెట్టేలా రాయడం తేలిక. పైన అడ్డగీత ఉంది, దానినుంచి రక్తం చుక్కలు వేలాడదీస్తే చాలు. మన అక్షరాలో? తెలుగు గుండ్రన, ఒడియా ఇంకా గుండ్రన. ఒడియా అక్షరం నెత్తిన గొడుగు పెట్టుకుని ఉంటుంది, తెలుగు అక్షరం తలకట్టు పెట్టుకుని ఉంటుంది. ముత్యాల్లాంటి అక్షరాలతో జనాన్ని ఎలా హడలగొట్టాలి? అక్కడే చేత్తో రాసేవాళ్ల తెలివి చూడాలి. తలకట్టుని కత్తి మొనలా సాగదీయవచ్చు. "రాత్రి" అన్న మాటలో రకారపు వత్తుని కొడవలిలా వంచవచ్చు. "దెయ్యం" అన్న మాట చివర సున్నా ఉంది, దాని మధ్యలో చుక్క పెడితే అది మిమ్మల్ని చూస్తున్న కన్ను. మా పిల్లల చేత ఈ పని చేయించాను. ఒక కుర్రాడు సున్నాలో పుర్రె గీశాడు, ఇంకొకడు యవత్తుకి గోళ్లు పెట్టాడు. దస్తూరీ బాగులేదని రోజూ తిట్లు తినేవాడికే ఆ రోజు అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి.

ఎనిమిదోది సవాలు. 1960లో సైకో సినిమాకి హిచ్‌కాక్ ఆట మొదలయ్యాక ఎవరినీ హాల్లోకి రానివ్వబోమని పోస్టర్ల మీద వేయించాడు. 2008లో ఫూంక్ అనే హిందీ సినిమాకి, హాల్లో ఒంటరిగా కూర్చుని సినిమా మొత్తం చూడగలిగినవారికి ఐదు లక్షల రూపాయల బహుమతి అని ప్రకటించారు. వద్దు అంటే కావాలనిపిస్తుంది, చేతకాదు అంటే చేసి చూపాలనిపిస్తుంది. ఆ పిల్ల అన్నయ్యని గోడ దగ్గర నిలబెట్టింది అదే. నలుగురు స్నేహితుల ముందు "నాకు భయం" అని ఎవడు అంటాడు చెప్పండి?

సరే, మరి డబ్బిచ్చి భయం కొనుక్కోవడం ఎందుకు? ఠాకురాణీ జాతరలో జెయింటువీలు ఎక్కినవాళ్లకి జవాబు తెలుసు. పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో ఖాళీ అవుతుంది, అరుస్తాం. కాని ఇనుప కడ్డీ గట్టిగా పట్టుకునే ఉంటాం, కింద అమ్మ నిలబడే ఉంటుంది. దిగాక మళ్లీ ఎక్కాలనిపిస్తుంది. సినిమా భయమూ అలాంటిదే. పక్కన మనుషులున్నారు, లైట్లు మళ్లీ వెలుగుతాయి, బయట వేడి టీ దొరుకుతుంది. పోస్టరు మనకి అమ్మేది దెయ్యాన్ని కాదు, దెయ్యం నుంచి బతికి బయటపడ్డామన్న సంతోషాన్ని. అందులో తప్పేమీ లేదు. నేనూ చూస్తాను, చేతులు కళ్లకి అడ్డం పెట్టుకుని, వేళ్ల సందులోంచి.

కాని కథ ఇక్కడితో అయిపోలేదు. మా గోడ దగ్గర ఇంకొక సంగతి జరిగింది. అది చెప్పడానికే ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

ఆ గోడకి కొంచెం దూరంలో ఒక ముసలామె మురీ, వేయించిన శనగలు అమ్ముకునేది. మనవాళ్లే, తెలుగామె. భర్త పోయాడు. తెల్లచీర, తెల్లజుట్టు, తరచూ ముడి ఊడిపోయి భుజాల మీద పడేది. ఒక కంట్లో పువ్వు వేసింది. పోస్టరు పడిన వారానికి పిల్లలు ఆమెకి ఆ సినిమా దెయ్యం పేరు పెట్టారు. స్టాఫ్‌రూములో ఎవరో చెబితే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. పిల్లల తెలివికి ముచ్చటపడ్డాను కూడా. దాచుకోవడం ఎందుకు, అది నా తప్పు.

మరో వారానికి ఆమె దగ్గర కొనడం మానేశారు. ఆమె చూస్తే జ్వరం వస్తుందని ఒకరన్నారు. ఒకరికి నిజంగా జ్వరం వచ్చింది, వానాకాలం కదా. ఆ తరువాత ఎవరో చాటునుంచి గులకరాయి విసిరారు. ఆ తరువాత ఆమె చోటు ఖాళీగా కనిపించింది. ఒక రోజు కాదు, పది రోజులు. అప్పటికి పోస్టరు కూడా వానకి తడిసి సగం ఊడిపోయింది. గోడ మీది దెయ్యం పోయింది గాని, అది వేసిన ముద్ర ఒక మనిషి మీద మిగిలిపోయింది.

ఇంతకు ముందు అన్న మాట ఇప్పుడు గుర్తు చేసుకోండి. భయం కంటిలో లేదు, కంటి చుట్టూ చెప్పిన కథలో ఉంది. ఆమె కన్ను ఎప్పటినుంచో అలాగే ఉంది. జుట్టూ అంతే. పిల్లలు రోజూ ఆమె దగ్గర మురీ కొనుక్కున్నవాళ్లే. పోస్టరు వచ్చి ఆ కంటికీ ఆ జుట్టుకీ ఒక కథ తగిలించింది.

మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. ఉత్తరాంధ్రలో చిల్లంగి అంటారు, తెలంగాణలో బాణామతి అంటారు, మిగతా చోట్ల చేతబడి అంటారు. ఒడియాలో గుణియా అనీ, డాహాణీ అనీ మాటలున్నాయి. ఏ భాషలో అన్నా ఆ మాట పడ్డ మనిషికి ఊళ్లో బతుకు ఉండదు. 2019 అక్టోబరులో మన గంజాం జిల్లాలోనే, ఖల్లికోట దగ్గర గోపపూర్ గ్రామంలో, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో ఆరుగురు పెద్దవయసు మగవాళ్లని కొట్టి, పళ్లు ఊడబెరికారు. నోటితో చెప్పలేనిది తినిపించారు. ఊళ్లో కొన్ని చావులు, కొన్ని జబ్బులు వచ్చాయి, వాటికి కారణం ఈ ముసలివాళ్లే అని జనం నిర్ణయించుకున్నారు. పోలీసులు వచ్చి పలువురిని అరెస్టు చేశారు. మంత్రగత్తె అన్న పేరుతో మనుషుల్ని వేధించకుండా మన రాష్ట్రంలో 2013లోనే ఒక చట్టం ఉంది. చట్టం ఉన్న ఆరేళ్లకి ఇది జరిగింది.

ఆ ఊరివాళ్లు సినిమా పోస్టరు చూసి కొట్టారని నేను అనడం లేదు. ఆ అనుమానం సినిమాకన్నా చాలా పాతది. పోస్టరు దాన్ని పుట్టించలేదు, దాని దగ్గర అప్పు తీసుకుంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, పువ్వు వేసిన కన్ను, ఒంటరి మనిషి, ఎముకల గూడులాంటి ముసలివాడు. గబగబా భయపెట్టాలి కాబట్టి, జనానికి ముందే ఉన్న భయాన్ని తీసుకుని రంగు వేసి మళ్లీ గోడ మీద పెట్టింది. అలా పెట్టిన ప్రతిసారీ ఆ పాత భయానికి కొత్త ముఖం దొరుకుతుంది. న్యాయం చెప్పాలంటే సినిమాల్లోనే దీనికి జవాబు చెప్పినవి ఉన్నాయి. విరూపాక్ష కథకి మూలమే, క్షుద్రపూజలు చేస్తున్నారని ఊరు ఒక దంపతుల్ని నిలువునా కాల్చేయడం. కాని ఆ సంగతి తెలియాలంటే హాల్లో కూర్చోవాలి. గోడ ముందు నుంచి పోయే పిల్లలకి గోడ మీది ముఖం ఒక్కటే కనిపిస్తుంది. సినిమా చూడడానికి ఎ అనీ, యుఎ అనీ సర్టిఫికెట్లు ఉన్నాయి. 2024 నుంచి యుఎలో కూడా ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు అని మెట్లు పెట్టారు. గోడ చూడడానికి మాత్రం ఎవరూ వయసు అడగరు.

మరి మేం ఏం చేశాం? పెద్దగా ఏమీ చేయలేదు. ఒక శనివారం కిటికీలు మూసి, టార్చిలైటు తెచ్చి, ఒక్కొక్క పిల్ల గడ్డం కిందా పెట్టి మిగతావాళ్లకి చూపించాను. ముందు కేకలు, తరువాత నవ్వులు. అందరికన్నా భయంకరంగా కనిపించింది ఎవరనుకున్నారు? చుట్టు తిరిగి వచ్చే ఆ పిల్లే! మొదటిసారి అది పడీపడీ నవ్వింది. ఆ తరువాత దెయ్యం సినిమా పోస్టరు అందరి చేతా గీయించాను. ఇక్కడ ఎరుపు ఎందుకు, ఇక్కడ చీకటి ఎందుకు, ముఖం సగమే ఎందుకు అని అడిగాను. గీసిన చేతికి భయం తగ్గుతుంది. ఎక్కడ ఏం దాచిందో దానికి తెలుసు కాబట్టి.

ఆ తరువాత నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పిల్లలు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. "మామ్మా, తప్పయిపోయింది" అని ఒకడు గొణిగాడు. ఆమె మావైపు కాసేపు చూసి, "నా జుత్తుకి నూనె నేక అలగుంది గాని, నేను దెయ్యమేటి పంతులమ్మా! సీసాడు నూనె కొనీయండి, మీ దెయ్యం ఎలిపోద్ది" అంది. పిల్లలు నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. సోమవారం నాటికి పిల్లలు డబ్బులు పోగుచేసి కొబ్బరినూనె సీసా కొన్నారు. ఆమె మళ్లీ వచ్చి కూర్చుంది, ఆ గోడ దగ్గర కాదు, ఇంకో సందు మొగలో. పాత చోటుకి రమ్మంటే రాలేదు. కొన్ని గాయాలు నూనెతో పోవు.

తల్లిదండ్రులకి ఒక మాట. భయం పోస్టరు కనిపిస్తే పిల్లవాడి కళ్లు మూయకండి. మూస్తే లోపల ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. పక్కన నిలబడి అడగండి. వెలుగు ఎటునుంచి పడుతోందిరా? ఏం దాచారు? ఇది ఎవరి ఇంటి వస్తువు? ఆ వేషం ఎవరిలా ఉంది? చివరి ప్రశ్న ముఖ్యం. ఆ వేషం మన వీధిలో ఎవరినైనా పోలి ఉంటే, ఆ రోజే పిల్లవాడిని వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి పలకరించండి.

మన బరంపురంలో రెండేళ్లకోసారి బూఢీ ఠాకురాణీ జాతర జరుగుతుంది. అమ్మవారు దేశీ బెహరా వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది. ఆ రోజుల్లో ఒంటి నిండా చారలు దిద్దుకున్న పులివేషాలు వీధుల్లో ఎగురుతాయి. చంకనున్న పిల్లవాడు ఏడుస్తాడు. అప్పుడు తల్లి ఏమంటుంది? "ఏడవకురా, సరిగ్గా చూడు, మన వీధి మావయ్యే కదా" అంటుంది. పులివేషం కట్టినాయన పళ్లు బయటపెట్టి నవ్వుతాడు. పిల్లవాడి ఏడుపు ఆగిపోతుంది. వేషం కింద మనిషిని చూడడం ఆ తల్లి నేర్పింది. గోపపూర్‌లో జరిగింది దానికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ మనుషుల మీద వేషం వేశారు.

రేపు మీ దారిలో అలాంటి పోస్టరు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. గీసినవాడి పనితనం మెచ్చుకోండి, భయపడాలనిపిస్తే హాయిగా భయపడండి, టిక్కెట్టు కొనుక్కోండి. ఆ తరువాత వెనక్కి తిరిగి, గోడ పక్కన ఎవరు కూర్చుని ఏం అమ్ముకుంటున్నారో కూడా చూడండి.